యల్లాప్రగడ సుబ్బారావు: మెదడుకు ఇంధనమైన అణువును గుర్తించిన శాస్త్రవేత్త

వృద్ధుల జ్ఞాపకశక్తిని హరించే అల్జీమర్స్ వ్యాధిపై నేడు జరుగుతున్న పరిశోధనల్లో ఏటీపీ అనే అణువు ప్రస్తావన తరచుగా వస్తుంది. జీవకణాలకు శక్తినిచ్చే ఈ అణువును తొలిసారిగా గుర్తించినవారిలో తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడో ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్స ఆచార్యుడికి అది నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

1923లో అమెరికా చేరిన సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని వారు 1925లో ప్రకటించారు. ఆ పరిశోధనే వారిని కండరాల్లోని ఫాస్ఫోక్రియేటిన్ వద్దకు, 1929లో ఏటీపీ వద్దకు నడిపించింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు.

హార్వర్డ్‌లో శాశ్వత స్థానం దక్కకపోవడంతో సుబ్బారావు 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి, బోదకాలు వ్యాధికి మందు రూపొందించిన కృషికి సారథ్యం వహించారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఇంచుమించు అదే కాలంలో, 1948-49లో, కణంలోని మైటోకాండ్రియాలో ఏటీపీ ఉత్పత్తికి మూలమైన ప్రక్రియ జరుగుతుందని యూజీన్ కెనడీ, ఆల్బర్ట్ లెనింజర్ నిరూపించారు. శరీర బరువులో 2 శాతమే ఉండే మెదడు, విశ్రాంతిలో శరీరం వాడే శక్తిలో సుమారు 20 శాతాన్ని వినియోగిస్తుంది. నాడీకణాలు సంకేతాలు పంపాలంటే వాటి కొసల వరకూ మైటోకాండ్రియా చేరాలి, అక్కడ ఏటీపీ నిరంతరం అందాలి.

అల్జీమర్స్ రోగుల్లో పేరుకునే అమైలాయిడ్ బీటా, టౌ ప్రోటీన్లు మైటోకాండ్రియా పనితీరును, కదలికను దెబ్బతీస్తాయి. శక్తి సరఫరా తగ్గి, హానికర ఆక్సిజన్ అణువులు పెరుగుతాయి. నాడీకణాల మధ్య సంధానాలు బలహీనపడి జ్ఞాపకాలు చెదిరిపోతాయి. మైటోకాండ్రియా లోపమే వ్యాధికి మూలమా, లేక వ్యాధి ఫలితమా అన్నది ఇంకా తేలలేదు.

కండరాల కోసం మొదలైన సుబ్బారావు అన్వేషణ, నేడు మతిమరుపు వ్యాధి మూలాలను వెతికేవారికి పునాదిగా నిలిచింది.