వందకు నూటనలభై నాలుగు: పాక్ తొలి ఆర్థిక మంత్రి గులాం మహమ్మద్

భారత, పాకిస్థాన్ రూపాయల విలువ తొలిసారిగా వేరుపడిన 1949 నాటి ఉదంతంతో ముడివడిన పేరు మాలిక్ గులాం మహమ్మద్. పాకిస్థాన్‌కు తొలి ఆర్థిక మంత్రిగా, అనంతరం గవర్నర్ జనరల్‌గా వ్యవహరించిన ఈయన అంతకు పూర్వం హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వ ఆర్థిక శాఖను నిర్వహించిన అధికారి కావడం గమనార్హం. తన హయాంలో ఆరేళ్లపాటు నిలబెట్టిన మారకపు రేటు, ఆయన పదవి నుంచి తప్పుకొనే రోజుల్లోనే రద్దయింది.

గులాం మహమ్మద్ 1895లో లాహోర్‌లో జన్మించారు. అలీగఢ్‌లో విద్యాభ్యాసం ముగించి రైల్వే అకౌంట్స్ సర్వీసులో ప్రవేశించారు. లెక్కల్లో దిట్టగా పేరు తెచ్చుకుని ప్రభుత్వ కొలువులో పైమెట్లకు చేరారు. 1940 దశకంలో నిజాం సంస్థానంలో పనిచేశారు. 1945లో జె.సి.మహీంద్రా, కె.సి.మహీంద్రా సోదరులతో కలిసి ఉక్కు వ్యాపారం నిమిత్తం మహీంద్రా అండ్ మహమ్మద్ సంస్థను స్థాపించారు. దేశ విభజన అనంతరం ఆయన పాకిస్థాన్‌కు తరలిపోగా, 1948లో ఆ సంస్థ మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది.

1947 ఆగస్టులో లియాఖత్ అలీ ఖాన్ మంత్రివర్గంలో ఆర్థిక శాఖను స్వీకరించేనాటికి పాకిస్థాన్‌కు సొంత కేంద్ర బ్యాంకు గాని, సొంత కరెన్సీ గాని లేవు. భారత రిజర్వు బ్యాంకే ఉభయ దేశాల అవసరాలు తీర్చింది. పాకిస్థాన్ ప్రభుత్వ ముద్ర వేసిన భారతీయ నోట్లే అక్కడ చలామణి అయ్యాయి. నగదు నిల్వల్లో పాకిస్థాన్ వాటా 75 కోట్ల రూపాయలు కాగా, అందులో 20 కోట్లు ముందుగానే ముట్టాయి. మిగిలిన 55 కోట్లను కాశ్మీర్ ఘర్షణ కారణంగా భారత్ నిలిపివేసి, గాంధీజీ నిరాహారదీక్ష నేపథ్యంలో 1948 జనవరిలో విడుదల చేసింది. అదే ఏడాది జులై 1న కరాచీలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాకిస్థాన్‌ను జిన్నా ప్రారంభించారు. ఉభయ దేశాల రూపాయలు అప్పటికి సమాన విలువలోనే కొనసాగాయి.

జనపనార చిక్కుముడి

1949 సెప్టెంబర్ 18న బ్రిటన్ తన పౌండు విలువను 4.03 డాలర్ల నుంచి 2.80 డాలర్లకు తగ్గించింది. మరునాడే భారత్ అదే బాట పట్టింది. డాలరుకు 3.31 రూపాయలుగా ఉన్న రేటు 4.76 రూపాయలకు చేరింది. స్టెర్లింగ్ కూటమిలోని ఇతర దేశాలూ అలాగే చేశాయి. పాకిస్థాన్ ఒక్కటే పాత రేటుకు కట్టుబడి ఉండాలని నిర్ణయించింది. ఫలితంగా 100 పాకిస్థాన్ రూపాయలకు 144 భారత రూపాయలు చెల్లించవలసిన పరిస్థితి ఏర్పడింది.

ఈ నిర్ణయం వెనుక లెక్క లేకపోలేదు. పాకిస్థాన్ ఎగుమతుల్లో ప్రధానమైనవి ముడి జనపనార, పత్తి. ధర పెరిగినా వీటికి గిరాకీ తగ్గదని ఆ ప్రభుత్వం అంచనా వేసింది. కొత్త పరిశ్రమలకు కావలసిన యంత్రాలు చౌకగా లభిస్తాయన్నది మరో కారణం. మంత్రివర్గ నిర్ణయాన్ని నిలబెట్టే బాధ్యత ఆర్థిక మంత్రిగా గులాం మహమ్మద్‌పై పడింది.

కొత్త మారకపు రేటును గుర్తించడానికి భారత్ నిరాకరించింది. జనపనార పండే పొలాల్లో అధికభాగం తూర్పు బెంగాల్‌లో ఉండగా, మిల్లుల్లో అత్యధికం కలకత్తా సమీపాన హుగ్లీ తీరంలో ఉన్నాయి. ఉభయ దేశాల నడుమ వాణిజ్యం దాదాపుగా స్తంభించింది. కలకత్తా మిల్లులకు ముడిసరుకు కరవైంది. సరుకు కొనే నాథుడు లేక తూర్పు బెంగాల్ రైతు దిక్కులు చూశాడు. డిసెంబర్‌లో పాకిస్థాన్‌కు బొగ్గు సరఫరాను భారత్ నిలిపివేసింది. రైతుల వద్ద జనపనార కొనుగోలుకు పాకిస్థాన్ ప్రభుత్వం జూట్ బోర్డును, పెట్టుబడి సమకూర్చేందుకు నేషనల్ బ్యాంక్ ఆఫ్ పాకిస్థాన్‌ను హుటాహుటిన ఏర్పాటు చేసింది. భారత్ సైతం పశ్చిమ బెంగాల్, అస్సాం, బీహార్‌లలో జనపనార సాగు విస్తరణకు పూనుకొంది.

1950 జూన్‌లో కొరియా యుద్ధం ప్రారంభం కావడంతో పరిస్థితి తారుమారైంది. ప్రపంచ విపణిలో జనపనార, పత్తి ధరలు ఆకాశాన్నంటాయి. పాకిస్థాన్ విదేశీ మారకద్రవ్య నిల్వలు పెరిగాయి. చివరకు 1951 ఫిబ్రవరిలో కుదిరిన వాణిజ్య ఒప్పందంతో పాకిస్థాన్ రూపాయి రేటును భారత్ అంగీకరించింది. పంతం నెగ్గినట్లయింది.

అధికార శిఖరం

1951 అక్టోబర్‌లో లియాఖత్ అలీ ఖాన్ హత్యానంతరం ఖ్వాజా నజీముద్దీన్ ప్రధాని కాగా, గులాం మహమ్మద్ గవర్నర్ జనరల్ అయ్యారు. అప్పటికే ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది. యుద్ధకాలపు ధరలు పడిపోవడంతో 1952 నాటికి విదేశీ మారకద్రవ్య నిల్వలు కరిగిపోయాయి. దిగుమతులపై ఆంక్షలు తప్పలేదు. ఆహార ధాన్యాల కొరత తోడైంది. 1953 ఏప్రిల్‌లో నజీముద్దీన్‌ను ఆయన బర్తరఫ్ చేశారు. 1954 అక్టోబర్ 24న రాజ్యాంగ పరిషత్తును రద్దు చేశారు. పరిషత్తు అధ్యక్షుడు తమీజుద్దీన్ ఖాన్ సింధ్ చీఫ్ కోర్టులో నెగ్గినప్పటికీ, 1955లో ఫెడరల్ కోర్టు గవర్నర్ జనరల్ పక్షానే తీర్పు చెప్పింది. పాకిస్థాన్‌లో ప్రజాస్వామ్యానికి తగిలిన తొలి పెద్ద దెబ్బగా చరిత్రకారులు దీనిని పరిగణిస్తారు.

1955 జనవరి 26న ఢిల్లీలో జరిగిన గణతంత్ర దినోత్సవానికి గులాం మహమ్మద్ ముఖ్య అతిథిగా హాజరయ్యారు. అదే ఏడాది జులై 31న పాకిస్థాన్ తన రూపాయి విలువను డాలరుకు 4.76కు తగ్గించింది. దీంతో ఉభయ దేశాల రూపాయలు తిరిగి సమానమయ్యాయి. కొద్దిరోజులకే అనారోగ్యం కారణంగా గులాం మహమ్మద్ సెలవుపై వెళ్లగా, ఇస్కందర్ మీర్జా బాధ్యతలు చేపట్టారు. 1956 ఆగస్టు 29న గులాం మహమ్మద్ కన్నుమూశారు.

సమాన విలువ పదకొండేళ్లు మించి నిలువలేదు. 1966 జూన్ 6న భారత్ డాలరుకు 7.50 రూపాయల రేటును ప్రకటించగా, పాకిస్థాన్ మరోసారి కదలలేదు. బంగ్లాదేశ్ ఆవిర్భావంతో జనపనార ఆదాయం కోల్పోయిన పాకిస్థాన్ 1972 మే నెలలో 11 రూపాయలకు దిగివచ్చింది. 2023లో డాలరుకు భారత రూపాయి 83 దరిదాపుల్లో ఉండగా, పాకిస్థాన్ రూపాయి 280 దాటింది. ఒకనాడు 100 రూపాయలకు 144 పొందిన కరెన్సీ, భారత రూపాయి ఒక్కదానికి మూడుకు పైగా ఇవ్వవలసిన స్థితికి చేరింది.