పళ్ల మీది మరక గుట్టు విప్పిన మెకే

నిమ్మరసం, వంట సోడా, బొగ్గుపొడి, ఉప్పు... పళ్లు తళతళలాడాలని ఇంట్లో ఏవేవో రుద్దేస్తుంటాం. కానీ ఎంత రుద్దినా పోని మరకలూ ఉంటాయి. అవి ఎలా వస్తాయో తేల్చడానికి ఒక దంతవైద్యుడు ముప్ఫై ఏళ్లు తిరిగారు. ఆయనే డాక్టర్ ఫ్రెడరిక్ మెకే.

మెకే 1874లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టారు. 1900లో దంతవైద్యం చదువు ముగించి, మరుసటి ఏడాది కొలరాడో స్ప్రింగ్స్ అనే కొండప్రాంతపు ఊళ్లో ప్రాక్టీసు పెట్టారు. అక్కడే పుట్టి పెరిగిన చాలామంది పళ్ల మీద ముదురు గోధుమ రంగు మరకలు కనిపించాయి. పంది మాంసం ఎక్కువ తినడం వల్లనో, పాలు మంచివి కాకపోవడం వల్లనో వచ్చాయని ఊరివాళ్లు సరిపెట్టుకునేవారు. వైద్య గ్రంథాలు తిరగేస్తే వాటి ప్రస్తావనే లేదు. తోటి వైద్యులూ పెద్దగా ఆసక్తి చూపలేదు. మెకే మాత్రం వదల్లేదు.

పదిమందిలో తొమ్మిదిమందికి

ఆధునిక దంతవైద్యానికి ఆద్యుడిగా పేరున్న డాక్టర్ జి.వి.బ్లాక్ 1909లో ఆ ఊరు వచ్చారు. అక్కడే పుట్టిన పిల్లల్లో దాదాపు పదికి తొమ్మిదిమందికి మరకలున్నాయని అప్పటికే లెక్క తేలింది. 1915లో బ్లాక్ కన్నుమూసేదాకా ఇద్దరూ కలిసి పనిచేశారు. రెండు సంగతులు బయటపడ్డాయి. శాశ్వత దంతాలు తయారైపోయాక ఆ ఊరికి వచ్చినవారికి మరక పడలేదు. అంటే మరక పైన అంటుకున్నది కాదు, చిన్నతనంలో ఎనామిల్ తయారయ్యేటప్పుడే అందులో కలిసిపోయింది. ఇక రెండోది, ఈ మరకల పళ్లు అంత తేలిగ్గా పుచ్చిపోవడం లేదు.

మెకే అనుమానం తాగునీటి మీదకు మళ్లింది. మన ఎల్లారెడ్డి దగ్గర నిజాంసాగర్ పనులు మొదలైన 1923లోనే ఆయన ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే ఊరికి వెళ్లారు. దూరాన ఉన్న వేడినీటి ఊట నుంచి పైపులైను వేసుకున్నాకే పిల్లల పళ్లు పాడవుతున్నాయని అక్కడి తల్లులు చెప్పారు. ఆ నీళ్లు మానేయమని మెకే సలహా ఇచ్చారు. ఊరు మరో ఊటకు మారింది. కొన్నేళ్లకు చిన్నపిల్లలకు కొత్తగా వచ్చిన పళ్లు శుభ్రంగా ఉన్నాయి.

నీళ్లలో ఏముందో మాత్రం అప్పటికీ తెలియలేదు. తర్వాత ఆర్కన్సా రాష్ట్రంలోని బాక్సైట్ అనే ఊళ్లోనూ ఇవే మరకలు కనిపించాయి. అది అల్యూమినియం కంపెనీ ఊరు. ఆ కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్ అక్కడి నీటిని పరీక్షిస్తే లీటరుకు 13 మిల్లీగ్రాములకు పైగా ఫ్లోరైడ్ తేలింది. మెకే వేర్వేరు ఊళ్ల నుంచి పంపిన నీళ్లలోనూ అదే ఎక్కువగా ఉంది. అది 1931, నిజాంసాగర్ పూర్తయిన ఏడాది.

మరో ఆరేళ్లకు, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోతున్నాయని వైద్యులు వెల్లడించారు. నల్లగొండ కష్టం మనందరికీ తెలిసిందే. మెకే 1959లో కన్నుమూశారు.

ఎందుకు రుద్దకూడదు?

మెకే శ్రమ మనకు నేర్పేది ఒకటే: మరక ఎందుకు వచ్చిందో తెలుసుకున్నాకే తెలుపు సంగతి చూడాలి. ఎనామిల్‌లో దాదాపు 96 శాతం ఖనిజాలే. దాన్ని తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే కనుమరుగవుతాయి. అరిగిపోతే మళ్లీ పుట్టదు.

నిమ్మరసంలోని ఆమ్లం ఎనామిల్‌ను మెత్తబరుస్తుంది. ఆ మీదట బ్రష్‌తో రుద్దితే పొర లేచిపోతుంది. బొగ్గుపొడి, ఉప్పు, ఇటుకపొడి గీకేస్తాయి. మొదట్లో తెల్లబడినట్టే ఉంటుంది. ఎనామిల్ పలుచబడ్డాక లోపలి పసుపు పొర కనిపించి పళ్లు ఇంకా పచ్చగా అగుపిస్తాయి, జివ్వుమంటాయి.

బజారులో దొరికే తెల్లబరిచే జెల్‌లలో సాధారణంగా పెరాక్సైడ్ ఉంటుంది. అది ఎనామిల్ లోపలికి వెళ్లి రంగును విరగ్గొడుతుంది. దంతవైద్యులు చెప్పిన మోతాదులో వాడితే జివ్వుమనడం చాలామందిలో కొద్దిరోజుల్లో తగ్గుతుంది. గాఢత ఎక్కువైనా, పదేపదే వాడినా పంటి పైపొర గట్టిదనం తగ్గుతుంది, చిగుళ్లు మండుతాయి. ఫ్లోరైడ్ మరకలున్నవారికి ఒక్కోసారి తెల్లమచ్చలు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

ఇవి గుర్తుంచుకోండి

• టీ, గుట్కా, పొగాకు గార పైపైనే ఉంటుంది. ముందు దంతవైద్యుల దగ్గర క్లీనింగ్ చేయించుకుంటే చాలావరకు పోతుంది.

• చిన్నప్పటి నుంచీ ఉన్న తెల్ల, గోధుమ మచ్చల్ని ఇంట్లో రుద్దొద్దు. వాటికి వేరే చికిత్సలున్నాయి.

• పులుపు తిన్నా, కూల్‌డ్రింకు తాగినా నీళ్లతో పుక్కిలించి, అరగంట నుంచి గంట ఆగి బ్రష్ చేయండి.

• కామారెడ్డి, ఎల్లారెడ్డి పరిసరాల్లో బోరునీళ్లే తాగుతుంటే ఒకసారి ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకపోవడం మంచిది, 1.5 మించకూడదు. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు.

• ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఈ పరీక్ష మరీ ముఖ్యం. వాళ్ల శాశ్వత దంతాల ఎనామిల్ తయారయ్యేది ఆ వయసులోనే. పేస్టు మూడేళ్లలోపు వారికి బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. మింగకుండా ఉమ్మేయడం నేర్పండి.