కాకినాడకు చేరిన హాల్డేన్

భువనేశ్వరంలో 1964 డిసెంబరు 1న కన్నుమూసిన జె.బి.ఎస్. హాల్డేన్ భౌతికకాయం చితికీ చేరలేదు, సమాధికీ చేరలేదు. ఆయన కోరిక మేరకు అది వైద్యవిద్యార్థుల చదువు నిమిత్తం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు వచ్చింది. ఆ శరీరానికి ఒక చరిత్ర ఉంది.

1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించిన హాల్డేన్‌కు తండ్రే తొలి గురువు. గనులలోని విషవాయువులను తన మీదనే పరీక్షించి చూచుకొన్న శాస్త్రజ్ఞుడాయన. కుమారుడూ అదే దారి పట్టారు. 1939 జూన్‌లో థెటిస్ అనే జలాంతర్గామి లివర్‌పూల్ సమీపాన మునిగి 99 మంది మరణించారు. లోపల చిక్కినవారికి ఊపిరి అందని స్థితి ఎట్టిదో తెలిసికొనేందుకు హాల్డేన్ గాలి చొరబడని గదిలో గంటల తరబడి కూర్చున్నారు. యుద్ధకాలంలో కడలి లోతులలోని ఒత్తిడిని గురించి జరిపిన ప్రయోగాలలో ఒకసారి మూర్ఛ వచ్చి ఆయన వెన్నుపూసలే నలిగాయి.

సముద్రమే ప్రాణికి పుట్టినిల్లని ఆయన 1929లో ఒక వ్యాసంలో ప్రతిపాదించారు. గాలిలో ప్రాణవాయువు లేని ఆ తొలినాళ్లలో సూర్యుని అతినీలలోహిత కిరణాలు నీరు, బొగ్గుపులుసు వాయువు, అమ్మోనియాల మీద పడి కొత్త పదార్థాలను పుట్టించాయనీ, అవి పేరుకొని సముద్రం పలుచని వేడి చారు వలె మారిందనీ, జీవం అందులో మొలకెత్తిందనీ ఆయన ఊహ. రష్యాలో ఒపారిన్ అంతకు ముందే విడిగా ఇటువంటి ఆలోచన చేశారు. ఆ చర్చ నేటికీ ముగియలేదు. డార్విన్ చెప్పిన ప్రకృతివరణానికి గణితపు పునాది వేసిన కొద్దిమందిలోనూ హాల్డేన్ ఒకరు.

1957లో ఆయన కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చారు. తరువాత భారత పౌరుడయ్యారు. ఇక్కడ ఆయన మాంసం మానివేశారు. ప్రాణులకు హాని కలుగని పరిశోధననే శిష్యులకు నేర్పారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆ శిష్యులలో ఒకరు. లంటానా పొదల దగ్గర నిలిచి, ఏ సీతాకోకచిలుక ఏ రంగు పూవుపై వాలుతున్నదో లెక్కించడం ఆయన చేసిన పని. వలా లేదు, సూదీ లేదు. ఖరీదైన పరికరాలు లేవని వగచే మన కళాశాలలకు ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది?

1962లో హాల్డేన్ భువనేశ్వరం చేరారు. అంతలో మలాశయ క్యాన్సరు బయటపడింది. లండన్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగిన రోజులలోనే తన జబ్బును గురించి ఒక హాస్యకవిత రాసి అచ్చు వేయించారు. సిగ్గుపడి దాచుకొనక వేళకు వైద్యుని వద్దకు వెళ్లండని చెప్పడమే దాని ఉద్దేశం. తిరిగి వచ్చి పనిలో పడ్డారు. మిగిలినవి కొన్ని నెలలే.