చివరి రోజులకు తోడు నిలిచిన సిసిలీ సాండర్స్



మా నాయనమ్మ మిరపకాయల కోతలకు వెళ్లే కూలి. నోటి క్యాన్సర్ ముదిరాక, ఇక చేయగలిగిందేమీ లేదని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. రాత్రంతా నొప్పితో మూలిగేది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. అయినా ఆ నొప్పి తగ్గించే దారి నాకు తెలియలేదు. ఆమె పోయాక, పీజీలో చేరిన తర్వాత సిసిలీ సాండర్స్ జీవితం చదివాను. నయం కాని జబ్బుకు కూడా చేయవలసిన సేవ ఎంతో ఉందని లోకానికి చూపిన మహిళ ఆమె.

సిసిలీ 1918 జూన్ 22న ఇంగ్లండులో జన్మించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆక్స్‌ఫర్డ్ చదువు మధ్యలో ఆపి, లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సు శిక్షణ పొందారు. నడుము నొప్పి వల్ల ఆ వృత్తి మానవలసి వచ్చింది. అయినా రోగులను విడిచిపెట్టలేదు. వారి ఇంటి కష్టసుఖాలు చూసే ఆసుపత్రి ఉద్యోగంలో చేరారు. అప్పుడే డేవిడ్ టాస్మా అనే పోలండ్ దేశస్థుడు పరిచయమయ్యారు. ఆయన క్యాన్సర్‌తో మరణశయ్యపై ఉన్నారు. అలాంటివారి కోసం ఒక ఇల్లు ఉండాలని ఇద్దరూ అనుకున్నారు. 1948లో ఆయన కన్నుమూస్తూ, ఆ ఇంట్లో తాను ఒక కిటికీగా ఉంటానని 500 పౌండ్లు ఆమెకు వదిలి వెళ్లారు.

సెయింట్ లూక్స్ అనే చోట నర్సులు నొప్పి మందును వేళ ప్రకారం ఇవ్వడం ఆమె గమనించారు. తన మాట వైద్యలోకం వినాలంటే డాక్టరు కావాలని ఒక సర్జన్ సలహా ఇవ్వగా, 33వ ఏట మెడిసిన్‌లో చేరి 1957లో పూర్తి చేశారు. నొప్పి భరించలేనంత అయ్యాకే మందివ్వడం అప్పటి అలవాటు. ఆమె నొప్పి తిరగబెట్టక ముందే నోటి ద్వారా మార్ఫిన్ ఇప్పించారు. నొప్పి ఒంటికే కాదు, మనసుకూ, కుటుంబానికీ ఉంటుందని బోధించారు.

1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించారు. 1969 నుంచి అక్కడి నర్సులు రోగుల ఇళ్లకే వెళ్లి సేవ చేశారు. 2005 జూలై 14న, 87 ఏళ్ల వయసులో, రొమ్ము క్యాన్సర్‌తో ఆమె అదే హాస్పిస్‌లో కన్నుమూశారు.

మన దేశంలో రోగులకు మార్ఫిన్ అందేలా 2014లో చట్టం సవరించారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ పాలియేటివ్ కేర్ ఉంది. నర్సింగ్ చదివే చెల్లెళ్లారా, ఇది కూడా మీ చదువే. మిగతావారికి ఒక మనవి. మీ ఇంటి మనిషిని ఇక తీసుకెళ్లమని చెబితే మౌనంగా తిరిగి రావద్దు. నొప్పికి మందు ఎక్కడ దొరుకుతుందో అడగండి. నేను అడగలేకపోయాను.