తేనెటీగల భాష నెరిగిన విజ్ఞాని

వైద్యము చదివినవానికి జీవనోపాధి కలదనియు, జంతుశాస్త్రము చదివినవానికి ఏమి కలదనియు సంశయించుట మన యిండ్లలో క్రొత్త గాదు. నూరేండ్లకు మించిన కాలము క్రిందట వియన్నా నగరమున ఒక వైద్యుని యింటను ఇట్టి యాలోచనయే కలిగెను. ఆ యింటి కడసారి కుమారుడే కార్ల్ ఫాన్ ఫ్రిష్. తేనెటీగల నృత్యములోని భాషను లోకమునకు తెలిపిన ఆ మహనీయుని చరిత్రమును మన పాఠశాల విద్యార్థులకును, వారి తలిదండ్రులకును సంగ్రహముగా తెలుపగోరుచున్నాము.

ఫ్రిష్ 1886వ సంవత్సరము నవంబరు 20వ తేదీన జన్మించెను. చిన్ననాటినుండియు ఆయనకు ప్రాణులనిన మక్కువ. సెలవులలో వొల్ఫ్‌గాంగ్ సరస్సు ఒడ్డుననున్న బ్రున్‌వింకెల్‌లోని తమ యింటికి పోయినపుడు చేపలను, పురుగులను చూచుచు కాలము గడపెడివాడు. తండ్రి సలహాపై వియన్నా విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రమున చేరెను. ఆయన మేనమామ సిగ్మండ్ ఎక్స్‌నర్ అచ్చటనే శరీరధర్మశాస్త్రాచార్యుడు. కొన్నాళ్లకు ఫ్రిష్ వైద్యవిద్యను మాని, జర్మనీలోని మ్యూనిక్ విశ్వవిద్యాలయమునకు పోయి రిచర్డ్ హెర్ట్విగ్ అను ఆచార్యుని కడ జంతుశాస్త్రము అభ్యసించెను. 1910లో వియన్నాలో డాక్టరు పట్టమును పొంది, మరల హెర్ట్విగ్ కడకే సహాయకుడుగా వచ్చెను. వైద్యము చదివిన యేండ్లును వృథా పోలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఆయన వియన్నాలోని ఒక ఆసుపత్రిలో సేవ చేసెను.

ఆ దినములలో కార్ల్ ఫాన్ హెస్ అను ప్రఖ్యాత నేత్రశాస్త్రజ్ఞుడు చేపలకును, వెన్నెముక లేని ప్రాణులకును రంగులు తెలియవని వాదించుచుండెను. అట్లయినచో పూవులకు ఇన్ని రంగులేల యని ఫ్రిష్‌కు సందేహము కలిగెను. ఆయన నీలికాగితముపై చక్కెరనీటినుంచి తేనెటీగలకు అలవాటు చేసెను. పిమ్మట పెక్కు ఛాయల బూడిదరంగు కాగితముల నడుమ ఒక నీలికాగితము నుంచి, చక్కెరనీరు లేకుండ చేసెను. ఈగలు తడబడక నీలికాగితముపైననే వ్రాలెను. రంగు తెలియనివైనచో ఏదో యొక బూడిదరంగును నీలమని పొరబడియుండెడివి. రంగుకాగితములతోనే పెద్ద వివాదమొకటి తీరెను.

1919లో ఆయన గాజుపలకలమర్చిన పెట్టెలో తేనెటీగల నుంచి, చక్కెరనీరు త్రాగిన ఈగకు రంగుచుక్క పెట్టి కనిపెట్టుచుండెను. అది తిరిగివచ్చి పట్టుపై గిరగిర తిరుగసాగెను. తక్కిన ఈగలు దాని వెంట నడచి, మీసములతో దానిని తాకి, మేతకై ఎగిరిపోయెను. ఇట్టి వలయ నృత్యము మకరందమునకును, పొట్టనూపుచు చేయు మరియొక నృత్యము పుప్పొడికిని గురుతులని ఆయన తలచి, 1923లో అట్లే ప్రకటించెను.

అది పొరపాటు. ఇరువదియేండ్లకు దానిని కనిపెట్టినది మరియెవరో కాదు, ఆయనయే. 1944లో బ్రున్‌వింకెల్‌లో మేతపాత్రను దూరముగా నుంచి చూడగా, చక్కెరనీరు తెచ్చిన ఈగలును పొట్టనూపుచునే ఆడెను. మొదట మేతను పెట్టె చెంతనే యుంచుటచే ఆ పొరపాటు కలిగెను. భేదము మేత రకములో లేదు, దూరములో కలదు. పట్టు నిలువుగా నుండును. ఈగ తిన్నగా పైకి సాగినచో సూర్యుని దిక్కుగా పొమ్మనియు, క్రిందికి సాగినచో సూర్యునికి వెన్నిచ్చి పొమ్మనియు అర్థము. నిలువునకు కుడివైపున ఎంత ఒరగునో, సూర్యునికి కుడివైపున అంత ఒరగి పోవలెను. మేత 100 మీటర్ల దూరమున నున్నచో 15 సెకండ్లలో తొమ్మిది పది చుట్లు తిరుగును. 1,000 మీటర్లైనచో నాలుగైదు చుట్లే తిరుగును.

ఈ పరిశోధన సుఖదినములలో జరిగినది కాదు. ఆయన అమ్మమ్మ యూదు వంశీయురాలగుటచే 1941లో నాజీ ప్రభుత్వము ఆయనను ఆచార్యపదవినుండి తొలగింప నిశ్చయించెను. అప్పుడు నోసీమా అను వ్యాధిచే తేనెటీగలు మూకుమ్మడిగా చచ్చుచుండెను. ఆ వ్యాధిని పరిశోధింప ఆయన యవసరమగుటచే ఆ తొలగింపు వాయిదాపడెను. తేనెటీగలను కాపాడబూనిన వానిని తేనెటీగలే కాపాడినవనవచ్చును. యుద్ధమున మ్యూనిక్‌లోని ఆయన జంతుశాస్త్రాలయము బాంబులపాలయ్యెను.

యుద్ధానంతరము ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో బోధించి, 1950లో మ్యూనిక్‌కు మరలి, 1958లో విశ్రాంతి పొందెను. 1973లో లోరెంజ్, టిన్‌బెర్గెన్ అను వారితో కలసి నోబెల్ బహుమానమునందెను. 1982వ సంవత్సరము జూను 12వ తేదీన, 95 ఏండ్ల వయసున మ్యూనిక్‌లో కాలధర్మము నొందెను.

ఆయన కనిపెట్టిన మరియొక విశేషము మనకు మిక్కిలి దగ్గరిది. వేర్వేరు ప్రాంతముల జాతి తేనెటీగలను ఒకే పెట్టెలో పెంచగా, ఒకదాని నృత్యమును చూచి మరియొకటి దూరమును తప్పుగా గ్రహించెను. తేనెటీగలకును మాండలికములు కలవని ఆయన చెప్పెను. ఇంట తెలుగును, వీధిలో వేరొక భాషను వినుచు పెరుగు మన పిల్లలకు ఇది వింతగా తోచదు.

విద్యార్థులారా, విశ్వవిద్యాలయములోని జంతుశాస్త్రమునకు మొదటి పాఠము పెరటిలోనే కలదు. చూచినదానిని వ్రాసియుంచుడు, తప్పు తేలినపుడు సిగ్గుపడక దిద్దుకొనుడు. తలిదండ్రులారా, మీ బిడ్డ చీమలబారును చూచుచు నిలుచుండినచో, ప్రొద్దు వృథా చేయుచున్నాడని వెంటనే కసరుకొనవలదని మా మనవి.