మాటల్లేని సినిమాల రాణి... మాటలకే బలైంది!

మార్చి 8 అనగానే మనందరికీ మహిళా దినోత్సవం గుర్తొస్తుంది. నాకు మాత్రం రెండేళ్లుగా ఆ రోజు ఇంకో మనిషి కూడా గుర్తొస్తోంది. చైనా మూకీ సినిమాల నటి రువాన్ లింగ్యూ. 1935లో సరిగ్గా అదే రోజున తన ప్రాణం తానే తీసుకుంది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు కూడా నిండలేదు.

జహీరాబాద్‌లో ఇల్లు చూసుకునే నాకు, షాంఘై నటికి ఏమిటి సంబంధం అంటారా? సెలవులకొచ్చిన మా అమ్మాయి ఓ రాత్రి ఫోనులో 1934 నాటి 'గాడెస్' అనే సినిమా పెట్టింది. మాటల్లేవు, పాటల్లేవు. ఓ పది నిమిషాలు చూసి పడుకుందాం అనుకున్నా. అయిపోయేదాకా లేవలేకపోయాను. ఆ తర్వాతే ఆమె ఎవరో తెలుసుకోవాలనిపించింది.

పనిమనిషి కూతురు

లింగ్యూ 1910లో షాంఘైలో పుట్టింది. పసితనంలోనే తండ్రి పోయాడు. తల్లి ఓ కలిగినవాళ్ల ఇంట్లో పనికి కుదిరి, ఆ జీతంతోనే కూతుర్ని బడికి పంపింది. ఆ ఇంటి అబ్బాయే జాంగ్ దామిన్. పదహారేళ్ల వయసులో లింగ్యూ అతనితో కాపురం పెట్టింది. పద్ధతిగా పెళ్లి మాత్రం జరగలేదు. అతనికేమో జూదం పిచ్చి. ఇల్లు గడవాలి కదా! 1926లో మింగ్‌షింగ్ సినిమా కంపెనీ గడప తొక్కింది. ఓ పాపను కూడా తెచ్చి పెంచుకుంది.

1930లో లియెన్‌హ్వా కంపెనీలో చేరాక ఆమె దశ తిరిగింది. బొమ్మలు చేసి బతికే పల్లెటూరి ఇల్లాలు, చదువుకున్న టీచరమ్మ, వీధిన పడ్డ తల్లి... ఏ వేషం కట్టినా ఆ మనిషే అన్నట్టుండేది.

ముఖమే మాట

మూకీ అంటే కళ్లు తిప్పడం, గుండెలు బాదుకోవడం అనుకునేదాన్ని నేను. లింగ్యూ అవేవీ చేయదు. 'గాడెస్'లో ఆమె కొడుకు చదువు కోసం ఒళ్లు అమ్ముకునే తల్లి. దాన్ని తీసిన వూ యోంగ్‌గాంగ్‌కి దర్శకుడిగా అదే మొదటి సినిమా. బడి వేడుకలో కొడుకు పాట పాడుతుంటాడు. తల్లి ముఖం వెలిగిపోతుంటుంది. పక్క కుర్చీల్లోని ఆడవాళ్లు మాత్రం ఒకరి చెవిలో ఒకరు ఏదో ఊదుకుంటుంటారు. చివరికి ఆ గుసగుసలే పిల్లాణ్ని బడి మాన్పిస్తాయి. ఆ వేడుకలో తల్లి కళ్లలోని సంతోషం చూస్తే, జరగబోయేది తెలిసిన మనకే కడుపు తరుక్కుపోతుంది.

చైనాలో మొదటి టాకీ, మన దేశంలో 'ఆలం ఆరా' రెండూ 1931లోనే వచ్చాయి. మరుసటి ఏడాదే 'భక్త ప్రహ్లాద'లో సురభి కమలాబాయి లీలావతిగా తెలుగులో మాట్లాడింది. అయినా చైనాలో మూకీలు ఇంకొన్నేళ్లు నడిచాయి. లింగ్యూ పేరు మోగింది ఆ రోజుల్లోనే. ఆమె సినిమాల్లో చాలావాటి ప్రింట్లు ఈనాడు లేవు. మన 'భక్త ప్రహ్లాద' కూడా అంతే కదా!

కథే నిజమైంది

నెలనెలా డబ్బిచ్చే ఒప్పందం మీద 1933లో దామిన్ నుంచి విడిపోయింది. తేయాకు వ్యాపారి తాంగ్ జీషాన్‌తో ఉండసాగింది. దామిన్ ఊరుకోలేదు. కోర్టుకెక్కాడు, పత్రికల వాళ్లకు కథలు అందించాడు.

సరిగ్గా అప్పుడే త్సాయ్ చూషెంగ్ తీసిన 'న్యూ విమెన్' విడుదలైంది. 1934లో ఆత్మహత్య చేసుకున్న ఐ షియా అనే నటి, రచయిత్రి జీవితమే దానికి ఆధారం. అందులో విలేకరులను చెడ్డగా చూపించారని పత్రికల వాళ్లు మండిపడ్డారు. ఆ కోపం తారమీదికి మళ్లింది. ఆమె పడకగది ఊరందరికీ వార్త అయింది. కోర్టుకు వెళ్లాల్సిన రోజు దగ్గర పడుతుండగా ఆమె వెళ్లిపోయింది. అంతిమయాత్రకు జనం వేలల్లో కదిలొచ్చారు. ఆ వార్తలు ఎగబడి చదివినవాళ్లూ అందులో ఉండే ఉంటారు. పేరున్న ఆడదాన్ని తక్కువ చేసి చూసి సంతోషపడే బుద్ధిని రచయిత లూ షున్ ఆ ఏడాదే ఓ వ్యాసంలో కడిగేశారు.

అరుగు మీద నేనూ...

ఇదంతా తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. కొన్నేళ్ల కిందట మా వీధిలో భర్తను వదిలి వచ్చిన ఒకామె గది అద్దెకు తీసుకుని జాకెట్లు కుట్టేది. ఎవరో ఒకాయన రెండుసార్లు వచ్చి వెళ్లాడు. అంతే, అరుగుల మీద కథలు అల్లుకున్నాం. నేనూ ఓ పోగు కలిపాను. ఆమె మొహమ్మీద ఎవరం ఏమీ అనలేదు. అనాల్సిందంతా వెనకే అన్నాం. మెల్లగా కుట్టుపని ఇచ్చేవాళ్లు తగ్గారు. ఓ పొద్దున చూస్తే గదికి తాళం ఉంది. ఆ వచ్చినాయన ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. ఆమె ఎక్కడుందో కూడా తెలీదు.

లింగ్యూ జీవితాన్ని 1991లో హాంకాంగ్ దర్శకుడు స్టాన్లీ క్వాన్ సినిమాగా తీశాడు. ఆ పాత్రకు మ్యాగీ చెంగ్ 1992లో బెర్లిన్‌లో ఉత్తమ నటి అయింది. ఆమె కథను పత్రికలు చెప్పాయి, భర్త చెప్పాడు, దర్శకులు చెప్పారు. ఆమెకు మాత్రం చెప్పుకునే వీలు దొరకలేదు.

మా ఊరి పక్కనే పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు కెమెరాలు పట్టి, తమ పొలాల గురించి, విత్తనాల గురించి తామే సినిమాలు తీశారు. వాళ్ల సంగతి విన్నప్పుడల్లా ఆ కుట్టుపని చేసే ఆమె గుర్తొస్తుంది. తన కథ తను చెప్పుకోవడానికి మేం ఒక్క పూటైనా అవకాశం ఇవ్వలేదు. ఇప్పుడు అరుగు మీద ఎవరి ఊసైనా వస్తే నేను మాట మార్చేస్తున్నాను. వదినలకు కోపమొస్తోంది. రానీ!