అన్నమయ్య ఇంట్లో ఇంకో కవి: తాళ్ళపాక తిమ్మక్క

1997లో వచ్చిన అన్నమయ్య సినిమా మనలో చాలామంది టీవీలో చూసే పెరిగాం. అందులో రమ్యకృష్ణ గారు వేసిన పాత్ర పేరు గుర్తుందా? తిమ్మక్క. అన్నమయ్య ఇద్దరు భార్యల్లో ఒకరు. రెండో ఆవిడ అక్కలమ్మ. సినిమా చూసి వదిలేస్తే తిమ్మక్క అంటే ఆయన భార్య, అంతే. కానీ ఆవిడ సుభద్రా కళ్యాణం అనే కావ్యం రాసిన కవయిత్రి. ఈ పోస్టు ఆవిడ గురించి.

అసలు పేరు తిరుమలమ్మ. కాలం 15వ శతాబ్దం, ఊరు కడప సీమలో, రాజంపేట దగ్గర తాళ్ళపాక. ఎప్పుడూ స్వామి ధ్యాసలోనే ఉండే అన్నమయ్యకి పిల్లనివ్వమని ఆ వేంకటేశ్వరుడే కలలో కనిపించి చెప్పాడని కథ. ఆవిడ కొడుకు నరసింగన్న. అక్కలమ్మ కొడుకు పెద తిరుమలాచార్యులు. అన్నమయ్య (1408–1503) ముప్పై రెండు వేల కీర్తనలు రాశాడంటారు కదా, ఆ ఇంట్లో పాట లేని పూట ఉండి ఉంటుందా?

అయితే ఆ ఇంట్లో బతుకు పాటలతోనే సాగలేదు. సాళువ నరసింహరాయలు తన మీద కీర్తన చెప్పమంటే అన్నమయ్య ఒప్పుకోలేదని, రాజు సంకెళ్ళు వేయించాడని మనందరికీ తెలుసు. సినిమాలో ఆ సీన్ వస్తే చప్పట్లు కొడతాం. నాకైతే ఇంట్లో ఉన్న ఆ ఇద్దరు ఆడవాళ్ళే గుర్తొస్తారు. భర్త దేవుడి కోసం రాజుతో తలపడితే పిల్లల్ని పట్టుకుని కూర్చున్నవాళ్ళ మీద కీర్తన ఎవరు రాస్తారు చెప్పండి!

ఇక సుభద్రా కళ్యాణం. మాయాబజార్‌లో ఋష్యేంద్రమణి గారు వేసిన సుభద్ర ఉంది కదా, అభిమన్యుడి తల్లి, ఆ సుభద్ర పెళ్ళి కథ ఇది. బ్రాహ్మడి ఆవుల్ని కాపాడటానికి అర్జునుడు నియమం తప్పి ఆయుధాలకోసం ధర్మరాజు, ద్రౌపది ఉన్నచోటికి వెళ్తాడు. అందుకు తీర్థయాత్ర చేయాల్సి వస్తుంది. తిరిగి తిరిగి చివరికి సన్యాసి వేషంలో ద్వారక చేరతాడు. సేవ చేయడానికి వచ్చిన సుభద్ర, ఆ సన్యాసినే అర్జునుడి సంగతులు అడుగుతుంది! అన్న బలరాముడికి ఏమీ తెలియదు, కృష్ణుడికి అన్నీ తెలుసు. ఇంత భారతంలో యుద్ధాలూ శపథాలూ వదిలేసి ఆవిడ ఎంచుకున్నది ఒక ఇంటి కథని. అన్నదమ్ములు, చెల్లెలు, వదినలు, పెళ్ళి. అది కూడా తెలుగింటి మర్యాదలతో, ఆడవాళ్ళు మాట్లాడుకునే తేట తెలుగులో. నా ఉద్దేశంలో ఆ ఎంపికలోనే ఆవిడ మనసు తెలుస్తుంది.

ఈ కథని నన్నయ గారు అప్పటికే పద్యాల్లో, వచనంలో చెప్పారు. దాన్ని చదవడానికి చదువు కావాలి. తిమ్మక్క పట్టుకున్నది మంజరీ ద్విపద. ద్విపద అంటే రెండు పాదాల పద్యం, ఒక్కో పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మామూలు ద్విపదలో రెండో అక్షరం కలవాలి, దాన్నే ప్రాస అంటారు. మంజరిలో ఆ రూల్ తీసేశారు. దాంతో కథ ఆగకుండా నడుస్తుంది, నోటికి తొందరగా వస్తుంది. మా పాతబస్తీలో లాల్‌దర్వాజా వైపు బతుకమ్మ ఆడేటప్పుడు గమనించండి. ఒకావిడ పాదం అందుకుంటే మిగతావాళ్ళు ఉయ్యాలో అంటూ లాగుతారు, ఎవరి చేతిలోనూ పుస్తకం ఉండదు. ఛందస్సు వేరే, కానీ చదువు రానివాళ్ళు కూడా కథని నోట్లో దాచుకునే పద్ధతి ఒకటే. మన పాల్కురికి సోమనాథుడు బసవ పురాణానికి ద్విపదే ఎంచుకోవడం కూడా జనం నోట్లోకి వెళ్ళాలనే.

తెలుగులో మొదటి కవయిత్రి మొల్లా, తిమ్మక్కా అని పండితులు చాలా వాదించుకున్నారు. మొల్ల రామాయణం 16వ శతాబ్దం నాటిదని లెక్కవేసేవాళ్ళు తిమ్మక్కే ముందంటారు. ఎవరు ముందైతే ఏం? ఈ వాదన వల్ల ఆవిడ క్విజ్‌లో ఒక జవాబుగా మిగిలిపోయింది, కావ్యం తెరిచేవాళ్ళు తగ్గారు.

తాళ్ళపాక వారి కీర్తనల్ని రాగి రేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరిచారు. ఆ కీర్తనలు అన్నమయ్యవి, పెద తిరుమలాచార్యులవి, ఆయన కొడుకు చిన తిరుమలాచార్యులవి. తాత, తండ్రి, మనవడు. తిమ్మక్క రాసింది కీర్తనలు కాదు కాబట్టి ఆ వరసలో ఆవిడ లేదు.

వేరే వరస ఒకటుంది. పెద తిరుమలాచార్యుల ఇంకో కొడుకు చిన్నన్న. తాత జీవితాన్ని అన్నమాచార్య చరిత్రముగా రాసినవాడు. అన్నమయ్య గురించి ఇప్పుడు మనం చెప్పుకునే కథల్లో చాలావరకు ఆ పుస్తకం నుంచి వచ్చినవే. వరసకి తిమ్మక్క ఆయనకి నాయనమ్మ, అక్కలమ్మ వైపు మనవడైనా. తాత కూడా ద్విపద రాశాడంటారు కాబట్టి అంతా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడని నేను అనను. కానీ చిన్నన్న పేరు మోగింది ద్విపదలోనే. అందులో అష్టమహిషీ కళ్యాణం, ఉషా కళ్యాణం అని రెండు కావ్యాలున్నాయి. ఒకటి కృష్ణుడి పెళ్ళిళ్ళ కథ, ఇంకోటి కృష్ణుడి మనవడి పెళ్ళి కథ. ఆ ఇంట్లో అంతకుముందే కృష్ణుడి చెల్లెలి పెళ్ళి కథ రాసి ఉంది.